దోవే... అన్నా...

దోహా నుంచి దుఖాన్ పోయే రోడ్డు మీద అల్ షహానియా ఒంటెల పాకలు దాటాక ఎడమ పక్కకి ఒక మట్టిదారి చీలుతుంది. పొద్దు వాలితే ఆ చీలిక దగ్గర ఏ తెలుగువాడూ బండి ఆపేవాడు కాదు. టైరు పేలితే పేలిన టైరుతోనే, రిమ్ము నిప్పులు కక్కుతున్నా సరే, దుఖాన్ దాకా పోయేవాడు.

మలయాళీలు ఆపేవారు. పఠాన్లు ఆపి, దుప్పటి పరుచుకుని, టీ కాచుకుని మరీ తాగేవారు. ఒక నేపాలీ కుర్రాడైతే ఆ దారి చివరనున్న ఇంట్లో కొన్నాళ్ళు కాపలా కాసి, హాయిగా నిద్రపోయి, రెండింతలు లావెక్కి, వేరే క్యాంపుకి మారిపోయాడు.

మరి తెలుగువాళ్ళకే ఎందుకంత భయం?

ఎందుకంటే ఆ ఇంట్లో దెయ్యం తెలుగులో మాట్లాడేది.

నేను కళ్ళారా చూడలేదు. చూసినవాడు నా చేతి అన్నం తింటూ చెప్పాడు. అప్పట్లో దోహా నజ్మాలో, మేమున్న గదిలోనే, నేను మన కుర్రాళ్ళకి మెస్ నడిపేదాన్ని. ఆ గది ఎంత పెద్దదంటే, కిటికీలోంచి చెయ్యి చాపి పక్కింటివాళ్ళ కూర కూడా నేనే కలిపేదాన్ని. శుక్రవారం ప్రార్థన అయ్యాక అందులోనే వందమంది కూర్చుని తినేవారు. ఎవడి ముద్ద ఎవడి నోట్లోకి వెళ్తోందో దేవుడికే తెలియాలి.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

దోహాలో పెద్ద వ్యాపారి ఒకాయన... ఆయన కంపెనీలో అందరూ అర్బాబ్, అంటే యజమాని, అనేవారు... ఒక ఏడాది ఇటలీ వెళ్ళాడు. అక్కడ విచెంజా అని ఒక పాత ఊరుందట. నాలుగొందల ఏళ్ళనాటి మేడలట. లోకంలో ఇళ్ళు కట్టే చదువు చదివిన ప్రతివాడూ ఆ ఊరెళ్ళి, నోరు తెరుచుకుని చూసి, మూయడం మర్చిపోయి వస్తాడట. ఆ ఊళ్ళో ఒక నాటకశాల ఉంది. దాని స్టేజీ వెనక తెర ఉండదు. వీధులుంటాయి! మేడలు, కిటికీలు, గుమ్మాలు, గూళ్ళలో బొమ్మలు... చూస్తుంటే ఆ వీధి ఎక్కడికో మైళ్ళ దూరం పోతున్నట్టే ఉంటుందట.

అర్బాబుకి అది నచ్చింది. మనకి గాజులు నచ్చితే గాజులు కొనుక్కుంటాం. ఆయన వీధి కొనుక్కున్నాడు.

ఇటలీ నుంచి పనివాళ్ళని దింపించి, ఎడారి మధ్యన అలాంటి మేడే కట్టించాడు. లోపల అలాంటి స్టేజీ, వెనక అలాంటి వీధి. చుట్టాలందరికీ విమానం ఎక్కకుండానే విచెంజా చూపిస్తానని పందెం వేశాడట. గుమ్మం ఎంతంటే, మా నరసాపురం ప్యాసింజరు నెత్తిన ఇంకో ప్యాసింజరుని పెట్టుకుని లోపలికి వెళ్ళిపోవచ్చు.

పని ముప్పాతికపైగా అయింది. ఇటలీవాళ్ళు విమానమెక్కి వెళ్ళిపోయారన్నారు. తొంభై ఆరు ఎండాకాలం రాగానే అర్బాబ్ కూడా లండన్ వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం, తాళానికి కాపలావాడు... అంతే మిగిలింది.

అప్పుడు మొదలైంది.

మొదటి కాపలావాడు మన అనకాపల్లి వాడు. రాత్రికి రాత్రి పరిగెత్తి షహానియాలో ఒంటెల మధ్య దూరి పడుకున్నాడు. ఒంటె తన్నినా లేవలేదట, ఇంకా దగ్గరికి జరిగాడట. రెండోవాడు బూట్లు వదిలేసి పోయాడు. మూడోవాడు బూట్లతో పాటు ఉద్యోగం కూడా వదిలేసి పోయాడు.

ముగ్గురూ ఒకే మాట చెప్పారు. లోపలి నుంచి ఒక మగగొంతు... సన్నగా... ఏడుస్తున్నట్టు...

“దోవే... అన్నా... దోవే... అన్నా...”

దోవ ఏది అన్నా, అని అడుగుతోంది!

ఇక మనవాళ్ళ నోళ్ళకి మూతలుంటాయా? ఆ ఇల్లు కట్టేటప్పుడు తెలుగు కూలీ ఒకడు ఎడారిలో దారి తప్పి, దాహంతో పోయాడనీ, ఇప్పటికీ క్యాంపుకి దారి అడుగుతున్నాడనీ కథ అల్లేశారు. అలాంటివాడెవడూ పోలేదని కంపెనీవాళ్ళు గట్టిగా చెప్పారు. కంపెనీ అంత గట్టిగా చెబుతోందంటే పోయే ఉంటాడని తేల్చారు.

మధ్యలో కాసిన నేపాలీ కుర్రాడు క్యాంపు మారిపోయాక, తెలుగువాళ్ళలో నాలుగోవాడిగా ఆస్టిన్‌ని పంపారు.

ఆస్టిన్‌ది పాలకొల్లు. ఎంత బక్కవాడంటే, ఫ్యాను వేస్తే నేను వాడి కంచం కింద బరువు పెట్టేదాన్ని, వాడితో సహా ఎగిరిపోకుండా. పెళ్ళి చేసుకుని, ఆ పందిరి విప్పేలోపే సెలవైపోయి వచ్చేశాడు. పెళ్ళాం ప్రవల్లిక ముఖంకన్నా ఫోనులో గొంతే వాడికి ఎక్కువ తెలుసు. అర్బాబ్ లండన్ నుంచి ఫోనులో వాడితో ఒక మాట అన్నాడు... “నేను తిరిగొచ్చేదాకా ఈ ఇంటి కాపలా వదలకుండా ఉండు. గోడ పక్కన క్వార్టరు ఇస్తాను. భార్యకి వీసా తీస్తాను.”

ఉంటే ప్రవల్లిక వస్తుంది. పారిపోతే రాదు. వాడి బతుకంతా ఆ రెండు ముక్కల్లో ఉంది.

మొదటి రాత్రి బైబిలు ఒళ్ళో పెట్టుకుని బయటి గేటు దగ్గర కూర్చున్నాడు. జనరేటరు ఆగింది. ఎడారి అంతా చెవి పెట్టి వింటున్నట్టు నిశ్శబ్దం.

లోపల ఏదో గీకుతున్న చప్పుడు... గర్... గర్...

ఆగింది.

“దోవే... అన్నా...”

వాడు లేచాడు. పారిపోవడానికి కాదు... అదే వాడిలో విశేషం. ఎవడో తనని తరమడానికి చేస్తున్న పనేమోనని అనుమానం. హాలు తలుపు సందులోంచి చూశాడు.

స్టేజీ వెనక వీధిలో, ఎక్కడో కింద పెట్టిన దీపం. ఆ వెలుతురులో తెల్లటి మనిషి ఒకడు. జుట్టు తెలుపు, ముఖం తెలుపు, చేతులు తెలుపు. వీపు ఇటు పెట్టి, వీధి వెంట దూరంగా నడిచి వెళ్తున్నాడు.

దూరం వెళ్ళే మనిషి చిన్నవాడు కావాలి కదా?

ఈ మనిషి పెరుగుతున్నాడు!

ముందు గుమ్మం ఎత్తు ఉన్నాడు. నాలుగడుగులు వేశాడు... భుజం మేడ మీది కిటికీకి వచ్చింది. ఇంకో నాలుగడుగులు... తల ఇంటి కప్పు దాటింది. అక్కడ ఆగి, నడుం వంచి, మేడ మీది కిటికీలోకి పైనుంచి తొంగి చూసి...

“దోవే... అన్నా...”

తెల్లారేదాకా ఆస్టిన్ బయటి గేటు ఊచలు పట్టుకునే నిలబడ్డాడు. వాడి వేళ్ళ అచ్చులు ఇప్పటికీ ఆ ఇనుములో ఉన్నాయంటారు. ఊచలు వదల్లేదు. కాపలా కూడా వదల్లేదు.

మర్నాడు శుక్రవారం. మెస్సుకొచ్చి చెప్పాడు. చెబుతుంటే కంచంలో చేపల పులుసు కూడా వణికింది.

“పాదాలు చూశావా? వెనక్కి తిరిగి ఉన్నాయా?” అన్నాను.

“బూట్లేసుకుందండి పిన్నిగారూ.”

“దెయ్యానికి బూట్లేమిట్రా!”

“కంపెనీ దయ్యం గద దీనమ్మక్కా,” అన్నాడు అహ్మద్ అలీ. “సేఫ్టీ బూట్లు లేకుంటే సైటు లోపటికి రానియ్యరు.”

అహ్మద్ అలీది కోరుట్ల. ఆ ఇంటికి నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. నవ్వించాడు గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. అలీ పగలంతా ఆ సైటులోనే తిరుగుతాడు. ఏ మూల ఎక్కడ దాక్కోవచ్చో వాడికి తెలుసు. అదీగాక మూడుసార్లు వడ్డించుకున్నాడు. మనసులో ఏమీ లేనివాడు రెండుసార్లతో ఆపేస్తాడు.

“ఆస్టినూ, సరిగ్గా గుర్తు తెచ్చుకో,” అన్నాను. “తోవ అందా, దోవ అందా?”

“దోవేనండి. ఒట్టండి.”

గదిలో నమలడం ఆగిపోయింది.

అలీ చెయ్యి పైకెత్తాడు. “మా దిక్కు తొవ్వ అంటం అక్కా. తొవ్వ తప్పిండు, తొవ్వల పోయిండు... దోవ అని మా తాత గూడ అనలే. గీ దయ్యం మాది గాదు.”

“మా గోదారి వైపు తోవ అంటామండి, లేదంటే దారి,” అన్నాడు ఆస్టిన్.

దోవ అనేది ఎవరు?

వందమంది తలలూ ఒక్కసారి తిరిగాయి... మూల కూర్చున్న విద్యాసాగర్ వైపు.

విద్యాసాగర్ కంపెనీ స్టోర్‌కీపరు. ఊరు గుడివాడ. కృష్ణా జిల్లా నడిబొడ్డు.

“ఏంటలా చూస్తారు?” అన్నాడు. “దోవ అన్న ప్రతివాడూ దెయ్యమైతే మా జిల్లా మొత్తం శ్మశానమే అవ్వాలి.”

“నీ బావమరిది ఆ కాపలా పని కోసమే కాచుక్కూర్చున్నాడు కదయ్యా?” అన్నాను మెల్లగా.

“వాడు కూర్చుంటే నేను రాత్రిళ్ళు తెల్లరంగు పూసుకుని తిరుగుతానా దీనమ్మగారూ? నాకు మోకాళ్ళ నొప్పులు!”

అన్నాడే గానీ, పెరుగన్నంలో చేపల పులుసు పోసుకున్నాడు. తప్పు చేయనివాడు ఎవడైనా అలా తింటాడా? నా కళ్ళు వాడి కంచం మీదే ఉన్నాయి. ఏదో దాస్తున్నాడు. అది దెయ్యమో కాదో గానీ, ఏదో ఉంది.

“సరే,” అన్నాను. “ఇవాళ ముగ్గురూ కలిసి వెళ్ళండి. సాగర్ని మధ్యలో కూర్చోబెట్టుకోండి. గొంతు వచ్చినప్పుడు ఇతను మీ పక్కనే ఉంటే ఇతను కాదు.”

ఆస్టిన్‌కి ఉప్పు, ఎండుమిరపకాయలు మూట కట్టిచ్చాను. అలీ తావీజు ముద్దు పెట్టుకుని మెడలో వేసుకున్నాడు. సాగర్ మాత్రం టార్చిలైటు ఒక్కటే తెచ్చుకున్నాడు. అదీ అనుమానమే. దెయ్యం తనే అయితే రక్షణ ఎందుకు?

ఆ రాత్రి ముగ్గురూ హాల్లో మెట్ల మీద కూర్చున్నారు. ఆస్టిన్ తన తువ్వాలు ఒక కొస తన మణికట్టుకి, రెండో కొస సాగర్ మణికట్టుకి కట్టాడు. అవతలి చెయ్యి అలీ పట్టుకున్నాడు.

జనరేటరు ఆగింది.

ఆ ఉక్కకి గోడలు కూడా చెమట పట్టాయట. ఎదురుగా చీకట్లో ఆ ఇటలీ వీధి... వందల కిటికీలు... ఒక్క కిటికీలోనూ మనిషి లేడు. ఊరు ఊరంతా కట్టి, మనుషుల్ని తేవడం మర్చిపోయినట్టుంది.

“ఏమన్న వినొస్తుందా భాయ్?” అన్నాడు అలీ గుసగుసగా.

“నీ పళ్ళు కొట్టుకోవడం వినిపిస్తోంది. ఆపు.”

గర్... గర్...

దీపం వెలిగింది. ఎక్కడో లోపల.

ఆస్టిన్ చప్పున అరచేత్తో సాగర్ నోరు మూశాడు. గొంతు ఇతనిదే అయితే ఇప్పుడు రాకూడదు.

గీకే చప్పుడు ఆగింది.

“దోవే... అన్నా...”

సాగర్ పెదవులు అరచేతి కింద బిగుసుకుని ఉన్నాయి. కదలడం లేదు.

గొంతు ముందు నుంచి వచ్చింది. వీధిలోంచి.

తెల్లమనిషి వచ్చాడు. వీపు చూపించి నడుస్తున్నాడు. గుమ్మం ఎత్తు... కిటికీ ఎత్తు...

“యా అల్లా... పెరుగుతుండు భాయ్...”

కప్పు ఎత్తు.

అంతే. సాగర్ వేసిన కేకకి బహ్రెయిన్‌లో కుక్కలు లేచి మొరిగాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు ముట్టుకోకుండా గుమ్మం దాటాడు. తువ్వాలు మధ్యకి చిరిగి సగం అతనితో పోయింది. తావీజు ముందు, దాని వెనక అలీ... షహానియా వైపు పరుగు.

సగం తువ్వాలుతో ఆస్టిన్ ఒక్కడే మిగిలాడు.

కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. పరిగెత్తితే ఏమవుతుందో వాడికి తెలుసు. అర్బాబ్ వస్తాడు, కాపలావాడు లేడంటాడు. ప్రవల్లిక ఇంకా ఫోనులో గొంతుగానే మిగులుతుంది. కాపలా కాయాల్సినవాడు, లోపల ఉన్నదేమిటో తెలుసుకోకుండా పోతే ఎలా? దారే కదా అడుగుతోంది. దారి చెబితే సరి!

ఎండుమిరపకాయల మూట ముందుకు పట్టుకుని అన్నాడు.

“ఎవరన్నా అది...?”

కప్పు మీది తల ఆగిపోయింది.

“ఏ ఊరన్నా మనది? భయపడకన్నా... దారి నేను చెబుతానన్నా...”

తల గిర్రున తిరిగింది.

“అన్నా?!”

“ఆ... అన్నా!”

“అన్నా! అన్నా!”

దెయ్యం చేతులు చాపుకుని వాడి మీదికి పరిగెత్తుకొచ్చేసింది.

ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. అది దగ్గరికొచ్చేకొద్దీ తగ్గడం మొదలుపెట్టింది. కప్పు నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి... స్టేజీ దిగి ఆస్టిన్ ఎదురుగా వచ్చి నిలబడేసరికి వాడి భుజానికి కూడా రాలేదు!

ముసలాయన. కనుబొమ్మలదాకా తెల్లటి పొడి. కళ్ళ కింద మాత్రం నీళ్ళు జారి రెండు గీతలు. ఆస్టిన్ భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. దెయ్యం చేతులు చల్లగా ఉంటాయని కదా వింటాం? ఈ చేతులు వేడిగా, గరుగ్గా, సున్నం తిని పగిలి ఉన్నాయి. ఒక చేతిలో తాపీ.

ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, “మాయెస్త్రో,” అన్నాడు.

ఆస్టిన్ ఊపిరి పీల్చుకున్నాడు. “ఓర్నాయనో... మేస్త్రీయా!”

ఇటలీ మేస్త్రీ. మిగతావాళ్ళందరూ వెళ్ళిపోయారు గానీ, ఈయన ఊరికి వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చాడు. అర్బాబ్ సొంత డ్రైవరు తెచ్చి వెనక గుమ్మంలో దింపి, రోజూ భోజనం కూడా అక్కడే పెట్టి పోతున్నాడు. కంపెనీలో ఒక్కడికీ చెప్పలేదు, మాకూ తర్వాతే తెలిసింది. ఎండకి పూత పగులుతుందని పగలంతా పడుకుని, రాత్రిళ్ళు పని చేసుకుంటున్నాడు.

మరి తెలుగు?

ఆయన స్టేజీ మీదికి తీసుకెళ్ళి చూపించాడు. గూళ్ళలో వరసగా మగబొమ్మలు. ఒక గూడు ఖాళీ. నేల మీది పొడిలో వేలితో ఆడమనిషి ముఖం గీశాడు. తన వేలికున్న ఉంగరం చూపించాడు. పైకి, ఆకాశం వైపు చూపించాడు. చనిపోయిన భార్య. ఆమె ముఖంతో ఒక బొమ్మ చేసి ఆ గూట్లో పెట్టాడు. ఊరెళ్ళి వచ్చేసరికి బొమ్మ లేదు.

“అన్నా,” అన్నాడు ఆ గీసిన ముఖాన్ని తాకి. ఆమె పేరు అన్నా.

“దొవే?” అన్నాడు రెండు చేతులూ విప్పి, చుట్టూ చూస్తూ. ఎక్కడ?

అదండీ సంగతి. అన్నా ఎక్కడ, అని ఆయన రోజూ పని అయ్యాక కిటికీ కిటికీలోకి తొంగి చూసి వెతుక్కుంటున్నాడు. మనవాళ్ళేమో దెయ్యానికి జిల్లా వెతుకుతున్నారు! ఆస్టిన్ మాటమాటకీ అన్నా అన్నా అంటుంటే, తన భార్య బొమ్మ జాడ తెలిసినవాడు దొరికాడని పరిగెత్తుకొచ్చాడు పాపం.

పెరగడం సంగతి కూడా చూపించాడు. ఆ వీధి మైలు లేదు, మన మెస్సు వసారా అంత ఉంది. లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తవుతుంది, ఇళ్ళు పొట్టివవుతాయి. చివరి మేడ మనిషి నడుం దాకానే ఉంటుంది. ఇవతల కూర్చున్న కంటికి వీధి దూరం పోయినట్టు ఉంటుంది, అందులో నడిచే మనిషి తాడిచెట్టంత అవుతాడు. విచెంజాలో నాలుగొందల ఏళ్ళ కిందటే చేసిన కనికట్టట అది.

ముసలాయన ఆ చివరికి వెళ్ళి నిలబడి, పిలవమని సైగ చేశాడు. “దొవే మాయెస్త్రో?” అన్నాడు ఆస్టిన్.

“ఎక్కుమీ!” అని వచ్చింది జవాబు, నాటకంలో పద్యం చదివినట్టు.

ఎక్కమంటున్నాడు కాబోలనుకుని వీడు పక్కనున్న నిచ్చెన ఎక్కేశాడు. ముసలాయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఎవరైనా ఎక్కడున్నావని అడిగితే, ఇదుగో ఇక్కడే ఉన్నానని చెప్పడానికి వాళ్ళ భాషలో ఆ మాటట. ఎక్కొమీ.

సరిగ్గా అప్పుడే అలీ, సాగర్ ధైర్యం తెచ్చుకుని, ఒంటెలవాళ్ళు నలుగురిని వెంటబెట్టుకుని, కర్రలతో గుమ్మంలోకి వచ్చారు. స్టేజీ వీధి చివర ముసలాయన, ఆయన పక్కనే నిచ్చెన మీద ఆస్టిన్...

“ఒక్కటి రెండయినయ్ రో!” అని అలీ. ఈసారి దుఖాన్ వైపు పరుగు.

మర్నాడు సాగర్ పెరుగన్నంలో పులుసు ఎందుకు పోసుకున్నాడో తేలింది. అతిథుల ముందు ఆడబొమ్మ ఉండకూడదని ఆఫీసువాళ్ళంటే, ఆ బొమ్మని గడ్డి చుట్టి, పెట్టెలో పెట్టి, మేకులు కొట్టి, స్టోరులో దాచింది ఇతనే. ఎవరికీ చెప్పొద్దన్నారట. దెయ్యానికీ తన పెట్టెకీ సంబంధం ఉందని కలలో కూడా అనుకోలేదన్నాడు. నేను నమ్మలేదు. కొంచెం నమ్మాను.

పెట్టె ఆ ఇంటికి తిరిగి తెచ్చి మూత తీశారు. ముసలాయన గడ్డి పక్కకి తీసి, బొమ్మ బుగ్గ మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. మళ్ళీ ఆయన నోట దొవే అన్న మాట రాలేదు.

పని ముగించుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఆస్టినే ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాడు. బొమ్మని తీసుకెళ్ళడానికి లేదు, దారిలో ముక్కలవుతుంది. గూట్లో పెట్టడానికీ లేదు. స్టేజీ వెనక చిన్న గదిలో, పెట్టెలోనే ఉంచి, ఆమెని ఇంకెక్కడికీ జరపనివ్వనని ఆస్టిన్ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆ గదికీ ఆస్టిన్ క్వార్టరుకీ గోడ ఒకటే.

అర్బాబ్ లండన్ నుంచి వచ్చాడు. గేటు దగ్గర కాపలావాడు ఉన్నాడు. అర్బాబూ మాట నిలబెట్టుకున్నాడు.

క్రిస్మస్ నెలలో ప్రవల్లిక దిగింది. ఆ పిల్ల తెచ్చిన కాజాల డబ్బా మోయడానికి నలుగురు కావాల్సి వచ్చింది. భయపడి తిరుగు విమానం ఎక్కుతుందేమోనని, ఆస్టిన్ ఈ కథలో ఒక్క ముక్క కూడా ఆ పిల్లకి చెప్పలేదు. మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. నోరు మూసుకుని ఉండడం నాకెంత కష్టమో మీకు తెలియంది కాదు. అయినా ఉన్నాను.

తర్వాతి శుక్రవారం ఇద్దరూ మెస్సుకొచ్చారు. ప్రవల్లిక నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

“పిన్నిగారండీ, మా ఇంటి దగ్గర్లో మన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారాండి?”

“ఆ ఎడారిలోనా? ఒంటెలు తప్ప ఎవరూ లేరమ్మా. ఎందుకూ?”

“రాత్రి గోడవతల ఎవరో ఆవిడ మాట్లాడిందండి. ‘ఎక్కుమీ...’ అంది. ఏం ఎక్కాలో తెలియక మంచం ఎక్కి కూర్చున్నానండి,” అని నవ్వింది.

నేను ఆస్టిన్ వైపు చూశాను. వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అలీ, సాగర్ కంచాల్లోంచి తలలెత్తారు. నువ్వు చెప్పావా అన్నట్టు నేను ఆస్టిన్‌ని చూశాను. లేదన్నట్టు తల ఊపాడు. ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఎవరూ చెప్పలేదు.

“గాలి అయ్యుంటుందమ్మా,” అన్నాను. “ఎడారిగాలి ఎన్ని గొంతులైనా పెడుతుంది.”

“గాలి కాదండి. ముందు ఒక ముసలాయన అడిగితేనే కదండీ ఆవిడ బదులు చెప్పింది.”

ఆస్టిన్ ముద్ద కంచంలో పెట్టేశాడు. “ఏమని... అడిగాడు?”

ప్రవల్లిక కత్తి ఆపకుండానే చెప్పింది.

“దోవే... అన్నా... అని. మన వైపు ఆయన కాదులెండి. మనం తోవ అంటాం కదా!”